కాలు పెట్టకుండానే పట్టేస్తున్న బ్రేకు: ఒక చిన్న కారు కేసు

ఈ కారు నా దగ్గరికి వచ్చేసరికే బ్రేకుల మీద 7,200 రూపాయలు ఖర్చయింది. ఇంకో 12,000 అవుతుందని ఒక చోట అంచనా కూడా రాసిచ్చారు. నా దగ్గరికి వచ్చిన మొదటిరోజు నేనూ తప్పు పని చేసి పంపాను. ఇక్కడ రాస్తున్నది అందుకే. బ్రేకు పని తెలియనివాళ్ళు ఎవరూ ఈ బండిని ముట్టుకోలేదు. మేమందరం చూసిన లోపాలు కూడా నిజంగా ఉన్నవే. కానీ ఆ ఇబ్బందికి కారణం అవి కావు.

బండి, దాని పూర్వచరిత్ర

నాకు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న గ్యారేజీ ఉంది. బండి 2013 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, 71,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. ఏ కంపెనీదో చెప్పడం లేదు, ఎందుకంటే ఇది కంపెనీ లోపం కాదు. ఈ తరహా పెడల్ అమరిక ఉన్న ఏ కారుకైనా రావచ్చు. యజమాని ఒక ఉద్యోగిని. ఇంటి నుంచి ఆఫీసు 4 కిలోమీటర్లు, రోజూ అంతే తిరుగుడు. నెలకోసారి గుంటూరు వెళ్ళి వస్తారు. ఈ రెండు ప్రయాణాల తేడాలోనే సగం జవాబు ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

మార్చిలో గుంటూరు వెళ్తుంటే దారిలో బండి బరువెక్కింది. ఆక్సిలరేటర్ తొక్కినా సాగడం లేదు. ఆపి చూస్తే ముందు చక్రాల దగ్గర కాలిన వాసన, కొంచెం పొగ. పక్కనున్న వాళ్ళెవరో సాయం చేద్దామని సీసాతో నీళ్ళు పోశారు. ఇది ఎంత చెడ్డ పనో తర్వాత చెబుతాను.

మొదటి గ్యారేజీలో ముందు ప్యాడ్లు, అంటే డిస్కును అదిమి ఆపే ముక్కలు మార్చారు (1,650), డిస్కులు టర్నింగ్ కొట్టించారు, అంటే పైపొర చెక్కి చదును చేయించారు (900), కూలి 650. మొత్తం 3,200. ఏప్రిల్‌లో మళ్ళీ గుంటూరు, మళ్ళీ అదే వాసన. రెండో గ్యారేజీలో రెండు కాలిపర్లూ, అంటే ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే బిగింపులు, విప్పి రబ్బరు కిట్లు వేశారు (1,300), ఒక పిస్టన్ మార్చారు (900), బ్రేక్ ఆయిల్ 300, కూలి 1,500. మొత్తం 4,000. ఆ నెలాఖరున మూడోసారీ అంతే. మూడో చోట మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) 3,400, బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచేది) 6,800, కూలి 1,800 అని కాగితం రాసిచ్చారు. అది పట్టుకుని ఆవిడ నా దగ్గరికి వచ్చారు. మే నెలలో పిల్లలతో తిరుమల వెళ్ళాలనుకుంటున్నారు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇలా అయితే ఏమిటని భయం. ఆ భయం సరైనదే.

నేను చేసిన మొదటి పని, అది ఎందుకు సరిపోలేదు

బండి రాత్రంతా చల్లారి ఉంది. జాకీ ఎత్తి తిప్పితే ఎడమ చక్రం సులువుగా తిరిగింది, కుడి చక్రం కాస్త రాసుకుంటోంది. కుడి కాలిపర్ విప్పితే, అది ముందుకూ వెనక్కూ జారే పిన్నుల్లో కిందిది చేత్తో లాగినా రాలేదు. బయటికి తీశాక కారణం తెలిసింది: పిన్నుకు మామూలు బేరింగ్ గ్రీజు పూశారు. పెట్రోలియం గ్రీజు తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన రబ్బరు పిన్నును పట్టేస్తుంది, కాలిపర్ వెనక్కి జరగదు, ప్యాడ్ డిస్కును రాస్తూ ఉంటుంది. నాకు దొంగ దొరికాడనిపించింది. పిన్నులు శుభ్రం చేసి, రబ్బర్లు మార్చి, సిలికాన్ గ్రీజు పెట్టి, ఆటోనగర్ లోపలే 3 కిలోమీటర్లు ట్రయల్ వేసి, 600 తీసుకుని పంపాను.

రెండు రోజుల్లో బండి తిరిగి వచ్చింది.

నా తర్కంలో తప్పు ఎక్కడుందో ఆ రోజు కూర్చుని ఆలోచించాను. పిన్ను బిగుసుకుంటే ఒక్క చక్రమే కాలాలి. ఆవిడ మొదటి రోజే "రెండు వైపులా వాసన వస్తోందండీ" అన్నారు. నేను విన్నాను గానీ లెక్కలోకి తీసుకోలేదు. కంటికి కనిపించిన లోపం చేతికి దొరకగానే, దానికి సరిపోని మాట చెవిన పడలేదు. పైగా 4 కిలోమీటర్ల ఆఫీసు దారిలో ఎప్పుడూ రాని జబ్బు కోసం 3 కిలోమీటర్ల ట్రయల్ వేశాను.

ఆవిడ కోపంగా లేరు, అలిసిపోయి ఉన్నారు. "అన్నా, మీరు కూడా నా మాట పూర్తిగా వినలేదు. నేను బ్రేకు పడట్లేదని చెప్పట్లేదు. బ్రేకు మీద కాలు పెట్టకుండానే ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఉంటోంది."

ఈసారి కాగితం తీసుకుని ఆవిడ మాటల్లోనే రాసుకున్నాను. మొదటి పది కిలోమీటర్లు ఏమీ ఉండదు. తర్వాత బరువెక్కుతుంది. అప్పుడు పెడల్‌ను తాకితే చాలు, బండి కుదుపుతో ఆగుతుంది. టీ తాగడానికి అరగంట ఆపితే మళ్ళీ మామూలుగా అయిపోతుంది. మైలేజీ ఫిబ్రవరి దాకా 17 వచ్చేది, ఇప్పుడు 13.

ఆ మాటలు ఏం చెబుతున్నాయి

వేడెక్కితే పట్టడం, చల్లారితే వదలడం అన్నది ముఖ్యమైన సూచన. తుప్పు పట్టిన పిస్టన్ చల్లారినంత మాత్రాన వదలదు. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ అయితే వెనక చక్రాలు కాలాలి. బ్రేక్ హోస్ (చక్రానికి ఆయిల్ తీసుకెళ్ళే రబ్బరు గొట్టం) లోపలి పొర ఊడి అడ్డుపడితే పట్టేస్తుంది గానీ సాధారణంగా ఒక్క చక్రానికే. ఇక్కడ ముందు రెండూ కాలుతున్నాయి. ఈ బండిలో బ్రేక్ ఆయిల్ లైన్లు ఎక్స్ ఆకారంలో ఉంటాయి: కుడి ముందు చక్రం, ఎడమ వెనక చక్రం ఒక లైను, ఎడమ ముందు, కుడి వెనక ఇంకో లైను. రెండు ముందు చక్రాలూ పట్టేస్తున్నాయంటే రెండు లైన్లలోనూ ఒత్తిడి మిగిలిపోతోందన్నమాట. రెండు లైన్లూ కలిసే చోటు మాస్టర్ సిలిండర్. దాని వెనక బూస్టర్, దాని వెనక పెడల్. కాబట్టి చక్రాల దగ్గర వెతకడం మానేయాలి.

మాస్టర్ సిలిండర్ గురించి ఇక్కడ ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. పైనున్న ఆయిల్ డబ్బాకూ సిలిండర్‌కూ మధ్య చాలా సన్నని రంధ్రం ఉంటుంది. పెడల్ పూర్తిగా వదిలి, పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడే అది తెరుచుకుంటుంది. బ్రేకులు వాడుతున్నప్పుడు కాలిపర్లలోని ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ పెరిగిన ఆయిల్ తిరిగి డబ్బాలోకి పోయే దారి ఇదే. పిస్టన్ ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకు నిలిచిపోయినా ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. ఆయిల్‌కు పోయే దారి లేక ప్యాడ్లను నెడుతుంది. ప్యాడ్లు రాసుకుని ఇంకా వేడి, ఆ వేడికి ఇంకా ఒత్తిడి. చల్లారితే ఆయిల్ కుంచించుకుని ప్యాడ్లు వదులుతాయి. ఆవిడ చెప్పిన అరగంట టీ కథ సరిగ్గా ఇదే.

వెనక చక్రాలు ఎందుకు కాలలేదన్న అనుమానం నాకూ వచ్చింది. డ్రమ్ములో, దాన్ని లోపలి నుంచి రాసి ఆపే లైనర్లను వెనక్కి లాగే గట్టి స్ప్రింగులు ఉంటాయి, కొద్దిపాటి ఒత్తిడిని అవి ఆపేస్తాయి. డిస్కు కాలిపర్‌లో అలాంటి స్ప్రింగు లేదు, పిస్టన్‌ను వెనక్కి తెచ్చేది దాని రబ్బరు సీలు వంపు మాత్రమే.

ఇక మిగిలిన ప్రశ్న: తప్పు మాస్టర్‌దా, బూస్టర్‌దా, పెడల్‌దా? మూడో గ్యారేజీ వాళ్ళు సరైన చోటికే వచ్చారు. కానీ పరీక్ష లేకుండా రెండు సామాన్లూ మార్చేద్దామన్నారు. ఒకటి 3,400, ఇంకొకటి 6,800. ఏది తప్పో తేల్చే పరీక్షకు పైసా ఖర్చు లేదు. కానీ అది బ్రేకు పట్టేసి ఉన్నప్పుడే చేయాలి. నలుగురు మెకానిక్‌లమూ చల్లారిన బండినే చూశాం, గ్యారేజీలో వరుసలో నిలబడేసరికి ఏ బండైనా చల్లారుతుంది.

రోడ్డు పక్కన పరీక్ష

ఆవిడనే నడపమని పక్కన కూర్చున్నాను. వారధి దాటి హైవే మీద మంగళగిరి వైపు వెళ్ళాం. పదకొండో కిలోమీటరు దగ్గర ఆవిడ "ఇదిగో, మొదలైంది" అన్నారు. నాకు ఇంకా తెలియలేదు. రోజూ నడిపేవాళ్ళ కాలికి తెలిసినంత మెకానిక్‌కు తెలియదని అప్పుడు ఒప్పుకున్నాను. ఇంకో మూడు కిలోమీటర్లు పోయాక ఆక్సిలరేటర్ వదిలితే బండి ఎత్తు ఎక్కుతున్నట్టు నెమ్మదించింది. సర్వీసు రోడ్డులోకి దించి, బ్రేకు తొక్కకుండా దానంతట అదే ఆగేదాకా వదలమన్నాను. కాలు పెడితే రీడింగులు చెడిపోతాయి.

చేతి థర్మామీటరు గన్‌తో చూస్తే కుడి డిస్కు 262 డిగ్రీలు, ఎడమ 248. వెనక డ్రమ్ములు 70 లోపు. రెండు వైపులా దాదాపు సమానం కాబట్టి నేను సరిచేసిన పిన్నుకు ఈ జబ్బుతో సంబంధం లేదని అక్కడే తేలిపోయింది.

హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక టైర్లకు రాళ్ళు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి ముందు ఒక వైపు జాకీ ఎత్తాను. చక్రం చేత్తో కదల్లేదు. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి బూస్టర్‌లో వాక్యూమ్ ఖాళీ చేశాను. బూస్టర్ వాల్వు ఇరుక్కుని తనంతట తాను నెడుతుంటే ఇప్పుడు వదలాలి. వదల్లేదు. బూస్టర్ మీద అనుమానం సగం పోయింది.

తర్వాత బూస్టర్‌కు మాస్టర్ సిలిండర్‌ను బిగించే రెండు నట్లను 12 నంబర్ స్పానర్‌తో కొద్దిగా వదులు చేశాను. సిలిండర్ రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు జరిగింది. డబ్బా మూత తీసి ఉంచాను. అడుగు నుంచి ఆయిల్ ఒక్కసారి ఉబికి పైకి వచ్చింది. వెంటనే చక్రం తిప్పితే తిరిగింది.

ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ 3,400 రూపాయల ప్రశ్నకు జవాబు అదే. సిలిండర్ ముందుకు జరిగితే పిస్టన్ వెనక్కి వచ్చినట్టే. రంధ్రం తెరుచుకుంది, ఆయిల్ వెనక్కి వచ్చింది. అంటే రంధ్రంలో చెత్త లేదు, సీలు ఉబ్బలేదు, మాస్టర్ బాగుంది. నట్లు వదులు చేసినా చక్రం వదలకపోతే, మాస్టర్ దగ్గరి పైపు వదులు చేసి చూసేవాణ్ణి. అప్పుడు వదిలితే మాస్టర్ తప్పు, అప్పటికీ వదలకపోతే కిందున్న లైనో హోసో. ఇక్కడ అంత దూరం పోనక్కరలేకపోయింది.

వెనక నుంచి ఏదో పిస్టన్‌ను నెట్టి పెడుతోంది. బూస్టర్‌ను ఎవరూ విప్పలేదు, లోపలి రాడ్ కంపెనీ నుంచి వచ్చిన పొడవులోనే ఉండాలి. ఇక పెడల్. వేలితో నొక్కి చూశాను. మామూలుగా కొన్ని మిల్లీమీటర్లు ఖాళీగా కదలాలి, దాన్నే మేము ప్లే అంటాం. ఇక్కడ సున్నా.

టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కింద తల పెట్టాను. పెడల్ ఆర్మ్ మీద, బ్రేక్ లైట్ స్విచ్ వచ్చి తాకే చోట చిన్న రంధ్రం ఉంటుంది, అందులో ఒక ప్లాస్టిక్ స్టాపర్ ఉండాలి. అది లేదు. దాని స్థానంలో ఒక ఇనుప బోల్టు, వెనక నట్టు. ఆ బోల్టు తల స్టాపర్ కంటే మందం. స్విచ్ ఒళ్ళు ఆ తలకు ఆనుకుని పెడల్‌ను ఎప్పుడూ కాస్త కిందికి నొక్కి ఉంచుతోంది. కంటికి కనిపించనంత కొద్దిగా. ఎవరో రాత్రీ పగలూ పెడల్ మీద వేలు పెట్టి ఉంచినట్టు.

"బ్రేక్ లైటుకి ఈ మధ్య ఏమైనా పని చేయించారా?" అని అడిగాను.

"ఫిబ్రవరిలో చేయించాను. అది కరెంటు పని కదండీ, బ్రేకుకేం సంబంధం?"

బండి నిలిపినా వెనక బ్రేక్ లైట్లు ఆరడం లేదట. రాత్రంతా వెలిగి బ్యాటరీ దిగిపోయింది. రోడ్డు పక్కన ఒక ఎలక్ట్రీషియన్ 150 రూపాయలు తీసుకుని పది నిమిషాల్లో సరిచేశారు. పాతబడిన కార్లలో ఇది మామూలే: ప్లాస్టిక్ స్టాపర్ ఎండి పొడి అయి రాలిపోతుంది, స్విచ్ పుల్ల ఆ రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తుంది, లైటు ఆరదు. చాలామంది అక్కడ బోల్టు బిగిస్తారు. ఆయన చూసుకోవాల్సింది లైటు, లైటు ఆరింది. ఆయన్ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. ఎందుకంటే మేం నలుగురం బ్రేకు మెకానిక్‌లమై ఉండి పెడల్ ప్లే చూడలేదు, అది అన్నిటికంటే ముందు చూడాల్సింది.

స్విచ్ లాక్ నట్టు వదులు చేసి నాలుగు చుట్లు వెనక్కి తిప్పాను. పెడల్ పైకి లేచింది. మాస్టర్ నట్లు తిరిగి బిగించాను. చక్రం స్వేచ్ఛగానే తిరిగింది. డిస్కులు చల్లారేదాకా ముప్పావు గంట ఆగి, వచ్చిన దారినే గ్యారేజీకి వచ్చాం. రీడింగు కుడి 98, ఎడమ 94.

40 రూపాయల ముక్కకు 8,000 బిల్లు ఎందుకు

ఆవిడ అడిగిన ప్రశ్న ఇది. అడగాల్సినదే. "కారణం ఆ ప్లాస్టిక్ ముక్క అయితే, ఇంకా ఇవన్నీ ఎందుకు మారుస్తున్నారు?"

ఒక్కొక్కటీ ఆవిడ ముందు బల్ల మీద పెట్టి చూపించాను. డిస్కులు నీలం రంగు తిరిగాయి, కుడిదాని మీద వెంట్రుకవాసి పగుళ్ళు ఉన్నాయి. కాలిన ఇనుము మీద చల్లని నీళ్ళు పడితే ఒక చోట ముందే కుంచించుకుని వంకర పోతుంది, పగులుతుంది. మొదటి గ్యారేజీ టర్నింగ్ కొట్టించింది ఆ వంకర కోసమే అయి ఉండాలి. డిస్కు మీద కనీస మందం అంకెల్లో చెక్కి ఉంటుంది. టర్నింగ్ తర్వాత ఇవి దాని కిందికి పోయాయి. ఇంకోసారి టర్నింగ్‌కు పంపితే డబ్బు మిగిలేది గానీ ఆ మందంతో ఘాట్ రోడ్డుకు పంపలేను. జత 3,600. ప్యాడ్లు మార్చిలో వేసినవే అయినా పైన గాజులా మెరుస్తున్నాయి, అంచులు రాలుతున్నాయి. ఇసుక కాగితంతో గీకి వేయవచ్చు, కొత్త డిస్కు మీద ఆ పని చేయడం నాకు ఇష్టం లేదు. 1,650. కాలిపర్ల దుమ్ము రబ్బర్లు వేడికి గట్టిపడ్డాయి, 750.

బ్రేక్ ఆయిల్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాను. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్ నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది, పెడల్ నేలకు పోతుంది. ఈ బండి ఆయిల్ నెల కిందటే పోశారు కాబట్టి బాగుండాలి. కానీ కాలిపర్ మీద ఆయిల్ బయటికి తీసే నిప్పుల్ తెరిస్తే డికాషన్ రంగులో వచ్చింది. పైన డబ్బాలో కొత్తది పోసి, కింద పాతది తీయలేదనుకుంటాను. 262 డిగ్రీల డిస్కు పక్కన ఆ ఆయిల్ ఎంత కాగిందో ఆలోచిస్తే నాకు ఒళ్ళు జలదరించింది. తిరుమల నుంచి దిగుతూ ఇలా పట్టేసి ఉంటే, మొదట పట్టేయడం, ఆ తర్వాత బ్రేకే లేకపోవడం. నాలుగు చక్రాల నుంచీ కొత్త ఆయిల్ రంగు వచ్చేదాకా తీశాను, 500.

స్టాపర్ 40. కూలి 1,500. మొత్తం 8,040. అందులోంచి మొదటిసారి తీసుకున్న 600 తగ్గించి 7,440 తీసుకున్నాను. ఆ 600 నా తొందరపాటుకు అయినది, ఆవిడ భరించాల్సింది కాదు.

మార్చనివి కూడా చెప్పాలి. మాస్టర్, బూస్టర్ ముట్టుకోలేదు. హోసులు వంచి చూశాను, పగుళ్ళు, ఉబ్బు లేవు, ఏడాదిలో మార్చమన్నాను. ముందు హబ్ బేరింగుల గ్రీజు ఆ వేడికి కరిగి ఉంటుందేమోనని తిప్పి విన్నాను, శబ్దం లేదు, వదిలేశాను. ఫిబ్రవరిలోనే ఆ స్టాపర్ సరైనది వేసి ఉంటే కూలితో కలిపి 200 దాటేది కాదు. మూడు నెలల్లో బ్రేకుల మీద ఆవిడకు అయినది, నా దగ్గరి 600తో సహా, 15,240.

తర్వాత

స్విచ్ సర్దేటప్పుడు కొత్త స్టాపర్‌కూ స్విచ్ ఒంటికీ మధ్య ఒక మిల్లీమీటరు పైచిలుకు సందు ఉంచాను. లైటు ఆరుతోందో లేదో ఒకరు వెనక నిలబడి చూడాలి, అదే సమయంలో పెడల్‌కు ప్లే ఉందో లేదో వేలితో చూడాలి. రెండూ కుదిరాకే లాక్ నట్టు బిగించాలి. కొన్ని కొత్త కార్లలో స్విచ్ తనంతట తాను సర్దుకునే రకం వస్తోంది, దానికి ఈ చుట్లు తిప్పే పని ఉండదు.

ఇప్పుడు మా గ్యారేజీలో జాబ్ కార్డు మీద ఒక ప్రశ్న చేర్చాను: గత ఆరు నెలల్లో ఈ బండికి ఏ పని చేయించారు? లైటు, మ్యూజిక్ సిస్టమ్, కాళ్ళ కింద మ్యాట్ అయినా సరే చెప్పమంటాను. మందపాటి మ్యాట్ ముందుకు జరిగి పెడల్ కిందో పక్కనో ఇరుక్కోవడం నేను చూశాను. బ్రేకు పట్టేస్తోందన్న బండి వస్తే చక్రం విప్పకముందు వేలు పెడల్ మీద పెడుతున్నాం. ఎన్ని కిలోమీటర్ల తర్వాత జబ్బు వస్తుందని యజమాని చెబుతారో, అంతకంటే ఐదు ఎక్కువే ట్రయల్ వేస్తున్నాం. ఆ పెట్రోలు ఖర్చు బిల్లులో రాస్తే ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.

తిరుమల ప్రయాణానికి ముందు రోజు ఆవిడ బండి తెచ్చారు. దిగేటప్పుడు బ్రేకు మీదే ఉండకుండా రెండో గేరులో దించమని, వాసన వస్తే బండి పక్కకు తీసి ఆగమని, నీళ్ళు మాత్రం పోయవద్దని చెప్పాను. తిరిగి వచ్చాక ఒకసారి చూపించమన్నాను. వారం తర్వాత వచ్చారు. గుంటూరు కూడా వెళ్ళి వచ్చారట, మైలేజీ 17కి దగ్గరగా ఉందన్నారు. ప్యాడ్లు రెండు వైపులా సమానంగా అరుగుతున్నాయి. పెడల్ వేలితో నొక్కితే నాలుగు మిల్లీమీటర్లు కదిలింది.